పటిక, సున్నం, ఫ్లోరైడు: నల్లగొండ పద్ధతి చరిత్రలో తటస్థీకరణ సమీకరణం

వ్యాససంగ్రహం

ఆమ్లక్షారాల తటస్థీకరణ చర్యను తెలిపే సమీకరణానికి రెండు పక్షాలుంటాయి. ఎడమపక్షం ఏమేమి కలపాలో చెబుతుంది. కుడిపక్షం ఏమేమి మిగులుతాయో చెబుతుంది. తాగునీటి నుంచి ఫ్లోరైడును తొలగించడానికి రూపొంది, నల్లగొండ పేరుతో ప్రపంచానికి తెలిసిన పద్ధతికి మూలం ఇటువంటి చర్యే. ఆ పద్ధతి సాధించినదీ, దానికి ఎదురైన పరిమితీ ఒకే సమీకరణం నుంచి ఎలా తేటపడతాయో ఈ వ్యాసం ఆలేరు పరిసరాల నేల, నీరు, చేనేత నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తటస్థీకరణం, నల్లగొండ పద్ధతి, ఫ్లోరోసిస్, పటిక, సున్నం, క్షారత, తుల్య సమీకరణం, ఆలేరు.

1. ప్రవేశిక

సికింద్రాబాదు నుంచి కాజీపేటకు వెళ్లే రైలుమార్గంలో ఉన్న ఆలేరు 2016 అక్టోబరు 11 వరకు నల్లగొండ జిల్లాలోనిది. ఆనాటి పునర్విభజనతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ప్రసిద్ధ జైనక్షేత్రం కొలనుపాక దీనికి చేరువలోనే ఉంది. ఈ ప్రాంతమంతా గ్రానైటు, నైస్ శిలలతో ఏర్పడిన మెట్టభూమి. వాన నీరు రాతి పగుళ్లలోకి ఇంకి, అక్కడే చాలాకాలం నిలిచి, బావులలోకి ఊరుతుంది. నీరు ఆ విధంగా రాతితో గడిపిన కాలమే నల్లగొండ సీమ తాగునీటి చరిత్రను శాసించింది.

రాతిలో జరిగేది కూడా నిదానంగా సాగే ఒక తటస్థీకరణమే. నేలలోని కర్బన ద్విఆమ్లజని, అంటే కార్బన్ డయాక్సైడు, నీటిలో కరిగి బలహీనమైన కార్బోనికామ్లమవుతుంది. గ్రానైటులోని ఫెల్‌స్పార్ ఖనిజం ఆ ఆమ్లానికి క్షారంవలె ఎదురై, తాను శిథిలమై బంకమన్నుగా మారుతూ సోడియం బైకార్బొనేటును నీటికి విడుస్తుంది. అందుచేత ఇటువంటి చోట్ల భూగర్భజలానికి క్షారత ఎక్కువ, కాల్షియం తక్కువ కావడం కద్దు. ఫ్లోరైడు కరగడానికి అనువైన స్థితి ఇదే. దీనిని తుల్య సమీకరణంగా రాస్తే:

1 కాల్షియం ఫ్లోరైడు + 2 సోడియం బైకార్బొనేటు → 1 కాల్షియం కార్బొనేటు + 2 సోడియం ఫ్లోరైడు + 1 నీరు + 1 కార్బన్ డయాక్సైడు

కాల్షియం సున్నపురాయిగా అవక్షేపించి తప్పుకొంటే, దానితో బంధించి ఉండవలసిన ఫ్లోరైడు నీటిలో స్వేచ్ఛగా మిగులుతుంది. బయోటైటు, అపటైటు వంటి ఖనిజాలు కూడా ఫ్లోరైడును అందిస్తాయి. నీటిలో ఫ్లోరైడు చేరడానికి తోడ్పడిన బైకార్బొనేటే తరువాతి కాలంలో దాన్ని తొలగించే చర్యకు ముడిసరుకు అయింది. నల్లగొండ పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఇదే తాళంచెవి.

2. తటస్థీకరణం లెక్కగా మారిన క్రమం

ఆమ్లక్షారాల సమాగమం తెలుగు ఇళ్లలో శాస్త్రం పేరు లేకుండానే తెలిసినది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది. అందులో నిమ్మరసం పిండితే ఎరుపు విరిగి పసుపు తిరిగి వస్తుంది. క్షారం ఉనికిని రంగు ద్వారా చెప్పే సూచికగా పసుపు పనిచేస్తున్నదని దీని భావం. అయితే రంగు మార్పు చర్య జరిగిందని మాత్రమే చెబుతుంది. ఎంత సున్నానికి ఎంత నిమ్మరసం సరిపోతుందో చెప్పడానికి లెక్క కావాలి.

ఆ లెక్క 18వ శతాబ్ది ఐరోపాలో రూపుదిద్దుకొంది. ఆమ్లం ఒక క్షారంతో కూడినప్పుడు ఏర్పడే పదార్థమే లవణమని ఆ శతాబ్ది మధ్యకాలంలో ఫ్రెంచి రసాయనవేత్త రువెల్ నిర్వచించాడు. చర్యకు ముందూ తరువాతా ద్రవ్యరాశి మారదని లవోయిజియే 1789 నాటి గ్రంథంలో ప్రతిపాదించాడు. జర్మనీకి చెందిన రిక్టర్ 1792లో ఆమ్లాలు, క్షారాలు ఏ ఏ పాళ్లలో ఒకదానినొకటి తటస్థీకరిస్తాయో కొలిచి, ఆ కొలతల శాస్త్రానికి స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టాడు. రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడమనే విద్యకు పుట్టినిల్లు తటస్థీకరణ చర్యే అన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

19వ శతాబ్ది చివర అర్హీనియస్ అయాన్ల సిద్ధాంతంతో ఉత్పన్నాలను ముందే ఊహించే మార్గం సుగమమైంది. ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాను, క్షారం ఇచ్చే హైడ్రాక్సైడు అయాను కలిసి నీరవుతాయి. మిగిలిన ధనాయాను, ఋణాయాను కలిసి లవణమవుతాయి. బైకార్బొనేటు క్షారంగా పనిచేసిన చోట నీటితోపాటు కార్బన్ డయాక్సైడు కూడా వెలువడుతుంది. ఆమ్లమంటే ప్రోటాను దాత అని 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీ విడివిడిగా చెప్పిన నిర్వచనంతో పటిక కూడా ఈ పరిధిలోకి వచ్చింది. పటికలోని అల్యూమినియం అయాను తన చుట్టూ ఆరు నీటి అణువులను పట్టి ఉంచి, వాటి నుంచి ప్రోటాన్లను విడుస్తుంది. పటిక నీరు పుల్లగా, వగరుగా ఉండడానికి కారణమిదే. పేరుకు లవణమైనా నీటిలో పటిక ప్రవర్తన ఆమ్లానిదే.

3. అద్దకపు కుండలో పటిక

పటికను క్షారంతో కలిపి పనిచేయించడం ఈ ప్రాంతపు చేతివృత్తులకు కొత్త కాదు. ఆలేరు, పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక చేనేతకు పేరుపడిన ఊళ్లు. చీరాల నుంచి ఈ ప్రాంతానికి వచ్చి పుట్టపాకలో నిలదొక్కుకున్న తేలియా రుమాలు తయారీలో నూలును నూనెలోనూ, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీటిలోనూ పలుమార్లు నానబెట్టి ఆరబెడతారు. ఆ బూడిదలో పొటాషియం కార్బొనేటు ఉంటుంది. నూనెలోని కొవ్వు ఆమ్లాలను ఆ క్షారం కొంతమేరకు తటస్థీకరించి సబ్బువంటి పదార్థంగా మారుస్తుంది. అందువల్ల నూనె నీటిలో కలిసి నూలుపోగు లోపలికి ఇంకుతుంది.

ఆపైన ఎర్ర రంగు కోసం పటికను వాడతారు. పటికలోని ఆమ్లగుణం క్షారంతో విరిగినకొద్దీ అల్యూమినియం సమ్మేళనం పోగుపై స్థిరపడుతుంది. అలిజరిన్ రంగు నూలును నేరుగా అంటిపెట్టుకోలేదు. ఆ అల్యూమినియం పొరను ఆశ్రయించి నిలుస్తుంది. రంగు ఉతుకులకు చెదరకపోవడానికి కారణమదే.

అద్దకపు కుండలో అల్యూమినియం పట్టుకునేది రంగును; నీటి బకెట్టులో పట్టుకునేది ఫ్లోరైడును. రెండు చోట్లా పటిక తన ఆమ్లగుణాన్ని కోల్పోతేనే పని జరుగుతుంది. అద్దకం నుంచే నీటిశుద్ధి పద్ధతి పుట్టిందని దీని అర్థం కాదు. రెండింటికీ చారిత్రక సంబంధమేదీ లేదు. రెండింటిలోనూ ఉన్నది ఒకే రసాయన సూత్రం. బురద నీటిలో పటిక తిప్పి తేర్చుకోవడం, చిల్లగింజ అరగదీసి కలపడం వంటి అలవాట్ల వల్ల పటిక, సున్నం అనేవి ఇంటింటా నమ్మకంగా వాడే వస్తువులై ఉండడం మాత్రం తరువాతి పద్ధతికి అనుకూలించిన అంశం.

4. వ్యాధిని గుర్తించిన క్రమం

తెలుగునాట ఫ్లోరోసిస్ ముందుగా పశువులలో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. హైదరాబాదు రాష్ట్రంలోని పశువులలో ఈ లక్షణాలను 1934 నాటి పశువైద్య నివేదిక ప్రస్తావించింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలోని స్థానిక ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ ప్రచురించిన పత్రం మనుషులలో ఈ వ్యాధిని స్పష్టంగా నెలకొల్పింది. ఆ పరిశీలనకు కేంద్రమైన పొదిలి, దర్శి ప్రాంతాలు తరువాతి కాలంలో ప్రకాశం జిల్లాలో చేరాయి.

నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రచించిన పత్రం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. పళ్లపై గారతో ఆగక వెన్నెముక బిగిసిపోయి, కీళ్లు వంగని స్థితికి చేరిన రోగులను ఆ పత్రం వైద్యలోకం ముందుంచింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరొక రూపాన్ని లాన్సెట్ పత్రికలో నివేదించారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకునే వైకల్యమది. ముసలితనపు నొప్పిగా భావించిన వ్యాధి బాల్యాన్నే కబళిస్తున్నదని ఈ పరిశీలనతో తేలింది.

ఈ వ్యాధిలో ఎముకకు జరిగిన హానిని పూర్తిగా తిరగదోడే చికిత్స లేదు. నివారణే మార్గం. మరిగించినా ఫ్లోరైడు పోదు. ఆవిరైన నీటి మేరకు దాని గాఢత మరింత పెరుగుతుంది. రుచి, వాసన, రంగు దేనితోనూ అది పట్టుబడదు. అందువల్ల తేటగా కనిపించే నీటిని కూడా రసాయనికంగా శుద్ధి చేయవలసిన అవసరం ఏర్పడింది.

5. నల్లగొండ పద్ధతి

నాగపూరులో 1958లో ఏర్పడిన కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా, వాడుకలో నీరీగా, పేరు మార్చుకొంది. ఫ్లోరైడు తొలగింపుపై ఆ సంస్థలో సాగిన పరిశోధన ఫలితాన్ని నవ్‌లఖే, కులకర్ణి, పాఠక్, బులుసు 1975లో నల్లగొండ పద్ధతి పేరుతో ప్రచురించారు. వ్యాధికి పేరుపడిన జిల్లా ఆ విధంగా దాని నివారణకు కూడా పేరైంది.

పద్ధతి సరళమైనది. ఇంటి వాడకానికైతే అడుగుకు కొద్దిగా పైన కుళాయి అమర్చిన 40 లీటర్ల పాత్ర చాలు. నీటిలో మొదట సున్నం గానీ సోడియం కార్బొనేటు గానీ, క్రిమి సంహారానికి బ్లీచింగ్ పౌడరు, ఆపైన పటిక కలపాలి. మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పితే దూదిపింజల వంటి తెట్టెలు ఏర్పడతాయి. సుమారు గంటసేపు కదపకుండా ఉంచితే అవి అడుగుకు దిగుతాయి. పైనున్న తేట నీటిని కుళాయి ద్వారా పట్టుకోవాలి. ఇక్కడ పటిక అంటే ప్రధానంగా నీటిశుద్ధి కేంద్రాలలో వాడే అల్యూమినియం సల్ఫేటు. గ్రామమంతటికీ ఉపయోగపడే పెద్ద ట్యాంకుల నమూనాలను కూడా రూపొందించారు. 1986లో మొదలైన జాతీయ తాగునీటి సాంకేతిక మిషన్ ఫ్లోరైడు సమస్యను తన ప్రత్యేక లక్ష్యాలలో చేర్చడంతో పద్ధతి ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. తూర్పు ఆఫ్రికా పగులు లోయ నీటిలో ఇదే బాధను అనుభవిస్తున్న టాంజానియా, ఇథియోపియా దేశాలలో దీనిని నల్లగొండ పేరుతోనే పరీక్షించారు.

6. సమీకరణం చెప్పేది

పటికను సున్నం పూర్తిగా తటస్థీకరిస్తుందని అనుకుంటే తుల్య సమీకరణం ఇలా ఉంటుంది:

1 అల్యూమినియం సల్ఫేటు + 3 కాల్షియం హైడ్రాక్సైడు → 2 అల్యూమినియం హైడ్రాక్సైడు + 3 కాల్షియం సల్ఫేటు

తుల్యం చేసే క్రమం సులభం. ఎడమపక్షాన రెండు అల్యూమినియం అయాన్లున్నాయి. ఒక్కొక్కదానికి మూడు చొప్పున ఆరు హైడ్రాక్సైడు అయాన్లు కావాలి. ఒక సున్నపు అణుసూత్రంలో అవి రెండే ఉన్నందున మూడు సున్నాలు అవసరం. అప్పుడు మూడు కాల్షియం అయాన్లు మూడు సల్ఫేటు అయాన్లతో సరిపోతాయి. పదునెనిమిది నీటి అణువులతో కూడిన అల్యూమినియం సల్ఫేటు ద్రవ్యరాశి 666. మూడు సున్నాలది 222. అంటే సమీకరణం ప్రకారం పటిక బరువులో మూడో వంతు సున్నం కావాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక వేస్తే సుమారు 167 మిల్లీగ్రాముల సున్నం వేయాలి.

నల్లగొండ పద్ధతిలో ఆచరణలో సూచించిన సున్నం పటికలో ఇరవయ్యో వంతు మాత్రమే. అదే 500 మిల్లీగ్రాములకు 25 మిల్లీగ్రాములు చాలు. సమీకరణం కోరినదానిలో ఇది ఏడో వంతుకు కాస్త ఎక్కువ. అయితే మిగిలిన ఆమ్లగుణాన్ని ఏది విరుస్తున్నది? జవాబు బావి నీటిలోనే ఉంది:

1 అల్యూమినియం సల్ఫేటు + 6 సోడియం బైకార్బొనేటు → 2 అల్యూమినియం హైడ్రాక్సైడు + 3 సోడియం సల్ఫేటు + 6 కార్బన్ డయాక్సైడు

గ్రానైటు రాయి తరతరాలుగా నీటికి ధారపోసిన బైకార్బొనేటు సున్నం లోటును పూరిస్తున్నది. సున్నానికి ఇరవయ్యో వంతు అనేది అనుభవం మీద తేలిన సంఖ్య. దాని వెనుక ఉన్నది ఈ నేల రసాయనం. క్షారత చాలని నీటికి ఇదే పాళ్లు వర్తించవు. అక్కడ పటిక పూర్తిగా అవక్షేపించక అల్యూమినియం నీటిలోనే కరిగి మిగులుతుంది. అందువల్లనే క్షారత తక్కువైన చోట ముందుగా దానిని పెంచుకోవాలి. మరోవైపు, ఫ్లోరైడు మోతాదు సమానమే అయినా క్షారత ఎక్కువైన నీటికి ఎక్కువ పటిక పడుతుంది. ఎందుకంటే పటిక విడిచే ఆమ్లాన్ని బైకార్బొనేటు పీల్చుకొని, ఫ్లోరైడు పట్టుబడే పీహెచ్ స్థాయికి నీటిని దిగనివ్వదు.

సున్నం అధికమైనా చిక్కే. అల్యూమినియం హైడ్రాక్సైడు ఆమ్లంలోనూ కరుగుతుంది, గాఢమైన క్షారంలో అల్యూమినేటుగా మారి తిరిగి కరుగుతుంది. అది ఘనరూపంలో నిలిచేది తటస్థ స్థితికి దరిదాపులలో మాత్రమే. తాగునీటిలో తటస్థ స్థితి కొద్దిగా తప్పినా ఫ్లోరైడు మిగులుతుంది, లేదా అల్యూమినియం కొత్తగా చేరుతుంది.

7. కుడిపక్షంలో మిగిలినవి

పద్ధతికి ప్రచారంలో వచ్చిన రూపం ప్రధానంగా ఎడమపక్షానికి సంబంధించినది: ఎంత పటిక, ఎంత సున్నం, ఎంతసేపు తిప్పాలి. అయితే ఆ చర్యలో పుట్టినవన్నీ బకెట్టులోనే ఉంటాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల పటికనే ఉదాహరణగా తీసుకొని వాటిని లెక్కించవచ్చు.

మొదటిది సల్ఫేటు. 666 భాగాల పటికలో 288 భాగాలు సల్ఫేటే కనుక, లీటరు నీటిలో సుమారు 216 మిల్లీగ్రాములు అదనంగా చేరుతుంది. ఫ్లోరైడు లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు తగ్గడానికి సల్ఫేటు రెండు వందలకు పైగా పెరుగుతున్నదన్నమాట. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో నిర్దేశించిన ప్రకారం సల్ఫేటుకు వాంఛనీయ పరిమితి 200, ప్రత్యామ్నాయం లేనప్పుడు 400 మిల్లీగ్రాములు. బావి నీటిలో ముందే సల్ఫేటు ఉంటే హద్దు దాటడం కష్టం కాదు.

రెండవది మడ్డి. ఎండు లెక్కన లీటరుకు సుమారు 117 మిల్లీగ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడు. 40 లీటర్ల పాత్రలో దాదాపు 4.7 గ్రాములు. తడిగా ఉన్నప్పుడు దాని పరిమాణం అనేక రెట్లు. నీటి నుంచి తీసిన ఫ్లోరైడంతా అందులోనే ఉంటుంది. దాన్ని పెరట్లో పారబోస్తే ఫ్లోరైడు మళ్లీ కరిగి నేలలోకి చేరే అవకాశముంది. సమీకరణం దేనినీ మాయం చేయదు, చోటు మార్చుతుంది.

మూడవది కరిగి మిగిలే అల్యూమినియం. అదే ప్రమాణం దీనికి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు వాంఛనీయమనీ, 0.2 గరిష్ఠమనీ నిర్దేశిస్తుంది. వందల మిల్లీగ్రాముల పటిక వేసిన నీటిలో ఇంత స్వల్ప పరిమితిని పాటించాలంటే పీహెచ్‌పై నిత్యం కన్నుండాలి. నాలుగవదైన కార్బన్ డయాక్సైడు కొంత గాలిలో కలుస్తుంది, కొంత నీటిలో నిలిచి పీహెచ్‌ను తగ్గిస్తుంది.

ఈ నాలుగింటినీ పద్ధతి రూపకర్తలు ఎరుగరని చెప్పడం అన్యాయం. సున్నాన్ని చేర్చడంలోని ఉద్దేశమే అల్యూమినియాన్ని పూర్తిగా అవక్షేపింపజేయడం. చిక్కు ప్రయోగశాల నుంచి గ్రామానికి వచ్చే దారిలో ఏర్పడింది. బావి బావికీ, ఋతువు ఋతువుకూ ఫ్లోరైడు, క్షారత మారుతుంటాయి. వాటిని కొలవడానికి గ్రామంలో ప్రయోగశాల లేదు. మోతాదు పట్టికను చదవడానికి ఆ రెండు సంఖ్యలూ తెలియాలి. రోజూ పాత్ర నింపి, కలిపి, తేర్చి, మడ్డి ఎత్తిపోసే శ్రమ నీళ్లు మోసే వారిపైనే పడుతుంది. పటిక, సున్నం చౌక కావచ్చు; కొలత, నిర్వహణ, మడ్డి విసర్జన చౌక కావు. పద్ధతి ఖర్చును క్రియాజనకాల ధరతో మాత్రమే లెక్కించినప్పుడు క్రియాజన్యాల భారం లెక్కకు అందలేదు.

8. ఉపసంహారం

తరువాతి దశాబ్దాలలో నల్లగొండ ప్రజల ఆందోళనలు, విధానాల దృష్టి భూగర్భజల శుద్ధి నుంచి నదీజలాల సరఫరా వైపు మళ్లాయి. 2016లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని శుద్ధిచేసి ఇంటింటికీ చేర్చే లక్ష్యంతో రూపొందింది. రాతిని అంటి ఎక్కువకాలం నిలవని నీరే ఫ్లోరైడు లేని నీరు అన్న సత్యం ఈ మార్పు వెనుక ఉంది. అయితే ఇప్పటికే బిగిసిన వెన్నెముకలను కొత్త నీరు సరిచేయలేదు. కుళాయి ఆగిన రోజున బోరు నీటికి తిరిగి వెళ్లే అవసరం ఉన్నంతకాలం బావినీటి రసాయనం గత చరిత్రగా మాత్రమే మిగలదు.

ఈ పరిశీలనలో మూడు తటస్థీకరణాలు కనిపించాయి: రాతిలో జరిగి ఫ్లోరైడుకు దారిచ్చినది, అద్దకపు కుండలో జరిగి రంగును నిలిపినది, బకెట్టులో జరిగి ఫ్లోరైడును పట్టినది. మొదటి చర్యలో పుట్టిన బైకార్బొనేటు మూడవ చర్యను నడిపింది. ఇరవయ్యో వంతు సున్నమనే ఆచరణ సూత్రం శాస్త్రానికి విరుద్ధం కాదు. బావి నీటిని కూడా సమీకరణంలో క్రియాజనకంగా చేర్చినప్పుడు అది చక్కగా తుల్యమవుతుంది.

కళాశాల తరగతిలో తటస్థీకరణానికి సాధారణంగా చూపే ఉదాహరణ హైడ్రోక్లోరికామ్లం, సోడియం హైడ్రాక్సైడులది. అక్కడ ఉత్పన్నాలు ఉప్పు, నీరు, రెండూ నిరపాయకరాలు. సమీకరణం తుల్యమైతే పాఠం ముగుస్తుంది. నల్లగొండ ఉదాహరణలో తుల్యమైన తరువాతే అసలు ప్రశ్నలు మొదలవుతాయి: సల్ఫేటు ఎవరు తాగుతారు, మడ్డి ఎక్కడికి పోతుంది, అల్యూమినియాన్ని ఎవరు కొలుస్తారు? ఉత్పన్నాలను ఊహించడం విద్యార్థికి మార్కులకు సంబంధించిన విషయం కావచ్చు. ఈ నేలపై అది కొన్ని తరాల ఎముకలకు సంబంధించిన విషయమైంది. ఆలేరు చుట్టుపక్కల కళాశాలలలో తటస్థీకరణ పాఠాన్ని తమ ఊరి బావినీటి క్షారతను కొలవడంతో మొదలుపెట్టడం ఆ కారణంగా సమంజసం.